వయల్ అడుగున మిగిలిన కాస్త పదార్థానికి ఎన్‌ఎంఆర్: ఏ ట్యూబ్, ఏ ప్రోబ్, ఏ మాగ్నెట్?

రోజుకి 2 గ్రాములు మించని డోసు ఉన్న మందులో ఏదైనా ఇంప్యూరిటీ (మలినం) 0.10 శాతం దాటితే (లేదా రోజుకి 1 మిల్లీగ్రాము దాటితే, రెండింట్లో ఏది తక్కువైతే అది) అదేమిటో తేల్చాలని మందుల నాణ్యతకి అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ క్యూ3ఏ చెబుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ల్యాబుల్లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు, దాంతోపాటు వచ్చే తలనొప్పీ కొత్త కాదు. 0.1 శాతం అంటే గ్రాము ఏపీఐలో (మందులో పనిచేసే అసలు పదార్థంలో) 1 మిల్లీగ్రాము, అదీ కాగితం మీద. ప్రెప్ హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమాన్ని భాగాలుగా విడదీసే పరికరంలో) ఎక్కించి, మెయిన్ పీక్ తోక పక్కనుంచి కట్ చేసి, మళ్లీ ఒకసారి ప్యూరిఫై చేసి ఆరబెట్టేసరికి చేతికొచ్చేది యాభయ్యో వందో మైక్రోగ్రాములు. మాస్ స్పెక్ట్రమ్ ఫార్ములా వరకు చెబుతుంది, రింగ్ మీద క్లోరిన్ ఏ స్థానంలో కూర్చుందో మాత్రం చెప్పదు. అది తేల్చాలంటే ఎన్‌ఎంఆర్ కావాలి, అంటే మాగ్నెట్‌లో పెట్టిన అణువుల కేంద్రకాలు ఇచ్చే సిగ్నల్‌తో నిర్మాణం చదివే పద్ధతి. ఇక అక్కడ మొదలవుతుంది చర్చ: 800 మెగాహెర్ట్జ్ మాగ్నెట్ ఉన్నచోటికి పంపుదామా, 3 ఎంఎం ట్యూబ్‌లో పెడితే సరిపోదా, క్రయో (బాగా చల్లబరిచిన ప్రోబ్) ఉంటే చాలు కదా అని.

సముద్రపు స్పాంజి నుంచి తీసిన పదార్థమైనా, ఎలుక వెన్నుద్రవమైనా ప్రశ్నలు ఇవే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మొదట శాంపిల్ ఇంకాస్త దొరుకుతుందేమో చూడండి, తర్వాత చిన్న కాయిల్ (ప్రోబ్‌లో శాంపిల్ చుట్టూ ఉండి సిగ్నల్ పట్టే తీగచుట్ట) కోసం, శుభ్రమైన సాల్వెంట్ కోసం ఖర్చుపెట్టండి. పెద్ద మాగ్నెట్ సంగతి ఆఖర్న చూడొచ్చు.

ముందు టైమ్ లెక్క

ఎన్‌ఎంఆర్ సిగ్నల్ పుట్టుకతోనే బలహీనం. 600 మెగాహెర్ట్జ్ మాగ్నెట్‌లో, గది ఉష్ణోగ్రతలో, లక్ష ప్రోటాన్లు ఉన్నాయనుకుంటే ఫీల్డ్ వైపు తిరిగినవాటికీ ఎదురు తిరిగినవాటికీ తేడా దాదాపు ఐదు. సిగ్నల్ ఆ ఐదింటిదే, మిగతావన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పైగా సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి స్కాన్ల సంఖ్యకి వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది కాబట్టి, శాంపిల్ సగమైతే అదే నాణ్యత స్పెక్ట్రమ్‌కి టైమ్ నాలుగింతలు అవుతుంది. 1 మిల్లీగ్రాముతో 10 నిమిషాల్లో వచ్చే హెచ్‌ఎస్‌క్యూసీకి (ఏ ప్రోటాన్ ఏ కార్బన్‌కి అంటుకుని ఉందో చూపే 2డీ స్పెక్ట్రమ్‌కి) 100 మైక్రోగ్రాములతో 1000 నిమిషాలు, అంటే దాదాపు 17 గంటలు పడుతుంది. ఒక రాత్రి బుక్ చేసుకుంటే అయిపోతుంది, ఫర్వాలేదు. అదే 10 మైక్రోగ్రాములైతే లక్ష నిమిషాలు, 69 రోజులు! అంత టైమ్ ఏ ఇన్‌ఛార్జీ ఇవ్వడు.

కార్బన్ స్పెక్ట్రమ్ నేరుగా తీద్దామన్న ఆలోచన మానేయండి. కార్బన్-13 సహజంగా ఉండేదే 1.1 శాతం, అది కూడా కలుపుకుంటే ప్రోటాన్‌తో పోల్చినప్పుడు దాని సిగ్నల్ దాదాపు ఆరువేలో వంతు. కార్బన్ షిఫ్టులన్నీ (పీకుల స్థానాలన్నీ) హెచ్‌ఎస్‌క్యూసీ, హెచ్‌ఎంబీసీల (రెండు మూడు బంధాల అవతలి కార్బన్లని చూపేది) నుంచే చదువుకోవాలి.

ఈ వర్గమూలం లెక్క మనకి అనుకూలంగా కూడా పనిచేస్తుంది. శాంపిల్ రెట్టింపు తేగలిగితే టైమ్ నాలుగో వంతుకి పడిపోతుంది, మూడింతలు తెస్తే తొమ్మిదో వంతుకి. అందుకే ఫార్మావాళ్లకి నేను మొదట అడిగే ప్రశ్న: మదర్ లిక్కర్ (స్ఫటికాలు తీసేశాక మిగిలే ద్రవం) దాచారా? క్రిస్టలైజేషన్‌లో ఇంప్యూరిటీలు ఎక్కువగా అందులోనే పోగవుతాయి. శుద్ధమైన ఏపీఐలో 0.1 శాతం ఉన్నది మదర్ లిక్కర్‌లో ఎన్నో రెట్లు ఉండొచ్చు. డిగ్రెడేషన్ ఇంప్యూరిటీ అని అనుమానం ఉంటే స్ట్రెస్ స్టడీలో వేడితోనో యాసిడ్‌తోనో పెరాక్సైడ్‌తోనో కావాలనే ఎక్కువ పుట్టించుకోవచ్చు. ఇంతకంటే చవకైన సెన్సిటివిటీ ఎక్కడా దొరకదు, కానీ ప్రోబ్ గురించి గంటసేపు వాదించుకునేవాళ్లు కూడా డ్రమ్ములో ఉన్న మదర్ లిక్కర్‌ని పారబోయనిస్తారు.

పదార్థం తక్కువా, లేక కరగట్లేదా?

ప్రోబ్ ఎంపిక మొత్తం దీనిమీదే తిరుగుతుంది. అణుభారం 400 ఉన్న పదార్థం 50 మైక్రోగ్రాములంటే 0.125 మైక్రోమోల్. దాన్ని 30 మైక్రోలీటర్లలో కరిగిస్తే 4 మిల్లీమోలార్ పైచిలుకు. డీఎంఎస్ఓ సాల్వెంట్‌లో చాలా చిన్న అణువులు ఆ మాత్రం ఇబ్బంది లేకుండా కరుగుతాయి, కాబట్టి వాటిని చిన్న చోట్లోకి కుదించడమే లాభం. అలా కాకుండా మీ దగ్గరున్నది ప్రోటీనో మొండి పెప్టైడో అయి, 0.5 మిల్లీమోలార్ దాటగానే గుంపుకట్టి అడుగున పడిపోతుంటే చిన్న ట్యూబ్ మీకు పనికిరాదు. గాఢత పెంచే వీల్లేనప్పుడు కాయిల్ లోపల వీలైనంత ఎక్కువ ద్రవం ఉండాలి. అంటే 5 ఎంఎం క్రయోప్రోబ్, దొరికితే పెద్ద మాగ్నెట్. రెండు కేసులకీ సలహాలు ఒకదానికొకటి ఎదురు. ప్రోటీన్ ఎన్‌ఎంఆర్ చేసే స్నేహితుడు చెప్పింది నిజమే అయినా మీ ఇంప్యూరిటీకి వర్తించకపోవడానికి కారణం ఇదే.

కింద రాసేదంతా మొదటి రకం గురించి, అంటే కరుగుతుంది కానీ పదార్థమే లేదు అన్న కేసు గురించి.

ఉన్న 5 ఎంఎం ప్రోబ్‌తోనే నెట్టుకురావాలంటే

చాలామంది నమ్మే మాట ఒకటుంది: అదే 5 ఎంఎం ప్రోబ్‌లో 5 ఎంఎం ట్యూబ్ బదులు 3 ఎంఎం ట్యూబ్ పెడితే గాఢత మూడింతలు అవుతుంది కాబట్టి సిగ్నల్ కూడా మూడింతలు అవుతుందని. అవదు. కాయిల్ లెక్కపెట్టేది తన పరిధిలో ఉన్న స్పిన్‌లని (సిగ్నల్ ఇచ్చే కేంద్రకాలని), గాఢతని కాదు. 550 మైక్రోలీటర్లలో ఉన్నా 170 మైక్రోలీటర్లలో ఉన్నా ద్రవం ఎత్తు ఒకటే అయితే కాయిల్ మధ్యలో ఉండే పదార్థం వాటా దాదాపు ఒకటే, సిగ్నల్ కూడా దాదాపు అంతే. 3 ఎంఎం వల్ల నిజంగా వచ్చే లాభాలు వేరే ఉన్నాయి. సాల్వెంట్ తగ్గుతుంది కాబట్టి దానితో వచ్చే చెత్త పీకులు తగ్గుతాయి. క్రయోప్రోబ్‌లో ఉప్పు ఉన్న బఫర్ వాడేటప్పుడు ఆ ఉప్పు తెచ్చే నష్టమూ తగ్గుతుంది. ఈ రెండూ చిన్నవి కావు, అందుకే 3 ఎంఎం వాడమనే చెబుతాను, కానీ మూడింతల ఆశ పెట్టుకోవద్దు.

సిగ్నల్ నిజంగా పెరగాలంటే షిగెమి ట్యూబ్. మామూలు ట్యూబ్‌లో పోసిన దాంట్లో చెప్పుకోదగ్గ భాగం కాయిల్‌కి పైనా కిందా వృథాగా ఉంటుంది. షిగెమిలో అడుగున మందపాటి గాజు, పైనుంచి గాజు ప్లంజర్ ఉండి 250–300 మైక్రోలీటర్ల ద్రవాన్ని సరిగ్గా కాయిల్ ఎదురుగా బంధిస్తాయి. ఆ గాజు మాగ్నెటిక్ ససెప్టిబిలిటీని (ఫీల్డ్‌కి స్పందించే తీరుని) సాల్వెంట్‌కి సరిపోయేలా తయారుచేస్తారు కాబట్టి నీటికి ఒకటి, క్లోరోఫామ్‌కి ఒకటి, మెథనాల్‌కి ఒకటి, డీఎంఎస్ఓకి ఒకటి విడిగా కొనాలి. తప్పుడు జత వాడితే షిమ్మింగ్ (ఫీల్డ్‌ని సమంగా సర్దడం) చేసి చేసి విసుగొస్తుంది తప్ప లైన్ సన్నబడదు. ప్లంజర్ కింద చిన్న బుడగ చిక్కుకున్నా అదే గతి. మహా అయితే రెండింతల దాకా లాభం.

మామూలు ట్యూబ్‌లోనే ద్రవం 300 మైక్రోలీటర్లకి తగ్గించి పెట్టేసేవాళ్లూ ఉన్నారు. ద్రవం చివర్లు కాయిల్ దగ్గరికి వచ్చి లైన్ షేప్ పాడవుతుంది. దానికంటే 600 పోయడమే మేలు.

1.7 ఎంఎం ప్రోబ్‌కి నా ఓటు ఎందుకంటే

ట్యూబ్ ఒక్కటే చిన్నదైతే లాభం లేదు కానీ కాయిల్ కూడా చిన్నదైతే కథ మారిపోతుంది. కాయిల్ వ్యాసం తగ్గేకొద్దీ ఒక్కో స్పిన్ నుంచి వచ్చే సిగ్నల్ దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఈ సూత్రం 1970ల నుంచే తెలుసు. చిక్కల్లా లైన్ వెడల్పుతోనే వచ్చింది, కాయిల్ తీగ శాంపిల్‌కి మరీ దగ్గరైతే రాగికీ గాలికీ ఉన్న ససెప్టిబిలిటీ తేడా వల్ల ఫీల్డ్ చెదిరి పీకులు చదునైపోయేవి. 1995లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం బృందం సన్నటి కేశనాళిక చుట్టూ మైక్రోకాయిల్ చుట్టి, దాన్ని ఫ్లోరినేటెడ్ ద్రవంలో ముంచి ఆ తేడాని చెరిపేసింది. నానోలీటర్ల శాంపిల్‌తో సన్నటి లైన్లు వచ్చాయి, ఆ ఫలితం ‘సైన్స్’ పత్రికలో అచ్చయింది.

ఈరోజు మనం అద్దెకి దొరకబుచ్చుకోగలిగే రూపంలో ఉన్నది 1.7 ఎంఎం ట్యూబ్, 30–35 మైక్రోలీటర్ల ద్రవం. గది ఉష్ణోగ్రత 1.7 ప్రోబ్ కూడా మంచిదే, కానీ క్రయో టెక్నాలజీ కలిపిన 1.7 ఎంఎం మైక్రోక్రయోప్రోబ్ వేరే స్థాయి. మామూలు 5 ఎంఎం ప్రోబ్‌తో పోలిస్తే ఒకే బరువుకి పదింతలకి పైగా సెన్సిటివిటీ అని తయారీదారు చెబుతాడు. పదింతలంటే టైమ్‌లో వందో వంతు, పైన చెప్పిన 69 రోజులు ఒక్కరోజులోపే.

ఇది ఎంతవరకు తీసుకెళ్తుందో చూడాలంటే మ్యూరోనోలైడ్ ఏ అనే పదార్థం కథ చాలు. కాలిఫోర్నియాలో మొలిన్స్కీ బృందం సముద్రపు స్పాంజి నుంచి 90 మైక్రోగ్రాములు మాత్రమే వేరుచేసి, 600లో 1.7 మైక్రోక్రయోప్రోబ్‌తో నిర్మాణం తేల్చి 2009లో ప్రకటించింది. 2015లో వేరే బృందం దాన్ని ల్యాబులో పూర్తిగా తయారుచేసి, ఆ నిర్మాణంలో సవరణ అవసరమని చూపించింది. 90 మైక్రోగ్రాములతో అంత పెద్ద అణువుని చదవడం గొప్పే, కానీ రిపోర్టులో "కన్ఫర్మ్డ్" అని రాసే ముందు ఈ రెండో సగం కూడా గుర్తుంచుకోండి. మీ ఇంప్యూరిటీకి సింథసైజ్ చేసిన స్టాండర్డ్ వచ్చేదాకా "ప్రతిపాదిత నిర్మాణం" అనే రాయడం క్షేమం.

ఇబ్బందులు కూడా చెప్పాలి. 1.7 ట్యూబ్ లోపలి వ్యాసం 1.3 ఎంఎం చిల్లర, మామూలు పిపెట్ టిప్ అందులోకి దిగదు, పొడవాటి సూది ఉన్న గాజు సిరంజి కావాలి. సూదిని అడుగుదాకా దించి, పోస్తూ పైకి తీయకపోతే మధ్యలో గాలి బుడగ ఉండిపోతుంది, ట్యూబ్‌ని చేతి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే గానీ కదలదు. ఇంకో సంగతి, 35 మైక్రోలీటర్లతో 20 ఎంఎల్ వయల్ గోడలు కడగలేరు. అందుకని ముందే మామూలు వోలటైల్ సాల్వెంట్‌తో రెండు మూడుసార్లు కడిగి, కోన్ అడుగున్న చిన్న ఇన్సర్ట్‌లోకి మార్చి, నైట్రోజన్ కింద ఆరబెట్టి, ఆఖర్న ఒక్కసారే డ్యుటీరేటెడ్ (హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న) సాల్వెంట్ వేయండి.

క్రయో, ఫీల్డ్, ఫ్లో ప్రోబ్

క్రయోప్రోబ్ అంటే శాంపిల్‌ని చల్లబరచడం కాదు, కాయిల్‌ని హీలియంతో 20 కెల్విన్ దగ్గరికి తీసుకెళ్లి, ప్రీయాంప్లిఫయర్‌ని కూడా బాగా చల్లబరిచి నాయిస్ తగ్గించడం. ఆర్గానిక్ సాల్వెంట్లలో మూడు నాలుగింతల లాభం, ఉప్పు నీళ్లలో అందులో సగమే. నైట్రోజన్‌తో చల్లబరిచే రకాలు రెండు మూడింతలు ఇస్తాయి, నిర్వహణ ఖర్చు తక్కువ, మన కరెంటు పరిస్థితికి అవే నయం అనేవాళ్లూ ఉన్నారు.

ఇక ఫీల్డ్. సెన్సిటివిటీ సుమారుగా ఫీల్డ్‌కి ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది. 500 నుంచి 800కి వెళ్తే రెండింతలు. అంటే క్రయో ఉన్న 500, క్రయో లేని 800ని సులువుగా దాటేస్తుంది. పీకులు ఒకదానిమీద ఒకటి పడి విడదీయలేకపోతుంటే 800కి వెళ్లండి, ఆ అవసరం వేరు. శాంపిల్ తక్కువ అన్న ఒక్క కారణంతో మాత్రం "మా దగ్గర 800 ఉంది" అన్న మాటకి పడిపోకుండా అందులో ఏ ప్రోబ్ ఉందో అడగండి.

మైక్రోకాయిల్ ఫ్లో ప్రోబులు కాగితం మీద బాగుంటాయి: కొన్ని మైక్రోలీటర్ల సెల్, ట్యూబ్ గొడవ లేదు, వరసపెట్టి శాంపిళ్లు పంపొచ్చు. రోజూ వందల శాంపిళ్లు ఉండే చోటికి సరే. నెలకి నాలుగు విలువైన శాంపిళ్లు ఉన్నవాళ్లకి నేను చెప్పను. సన్నటి గొట్టం మూసుకుపోతుంది, ముందు శాంపిల్ మరకలు తర్వాతి దాంట్లో కనిపిస్తాయి, పంపిన ద్రవం దారిలో పలచబడుతుంది. వాటికంటే ఎల్‌సీ నుంచి వచ్చిన పీక్‌ని చిన్న ఎస్‌పీఈ కార్ట్రిడ్జ్ (పదార్థాన్ని పట్టి ఉంచే పొడి నింపిన గొట్టం) మీద పట్టి, నైట్రోజన్‌తో ఆరబెట్టి, డ్యుటీరేటెడ్ మెథనాల్‌తో నేరుగా 1.7 ట్యూబ్‌లోకి దించే పద్ధతి నాకు నచ్చుతుంది. ఒకే పీక్‌ని చాలా ఇంజెక్షన్ల నుంచి ఒకే కార్ట్రిడ్జ్ మీద పోగుచేయొచ్చు.

శాంపిల్ కంటే చెత్తే ఎక్కువ

ఇక్కడ చేసే పొరపాట్లని ఏ ప్రోబూ కాపాడలేదు. 99.8 శాతం డ్యుటీరేటెడ్ క్లోరోఫామ్ 600 మైక్రోలీటర్లు తీసుకోండి. అందులో మిగిలిన మామూలు క్లోరోఫామ్ దాదాపు 15 మైక్రోమోల్స్. మీ 50 మైక్రోగ్రాముల శాంపిల్ 0.125. అంటే 7.26 పీపీఎం (స్పెక్ట్రమ్ స్కేలు) దగ్గర సాల్వెంట్ పీక్ మీ ఒక్క ప్రోటాన్ పీక్‌కి 120 రెట్లు, దాని కాళ్ల కింద మీ ఆరోమాటిక్ ప్రోటాన్లు నలిగిపోతాయి. అదే సాల్వెంట్ 35 మైక్రోలీటర్లే వాడితే 7 రెట్లు. 99.96 శాతం గ్రేడ్‌కి మారితే ఒకటిన్నర రెట్ల లోపు. ఆంప్యూల్ ఖరీదు చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. 35 మైక్రోలీటర్లే కాబట్టి ఒక ఆంప్యూల్ చాలా శాంపిళ్లకి వస్తుంది కూడా, కాకపోతే తెరిచాక డీఎంఎస్ఓ గాలిలో తేమ లాగేసుకుని 3.33 దగ్గర నీటి పీక్ పెంచుకుంటుంది.

ప్రెప్ ఫ్రాక్షన్ల సాల్వెంట్ అంతకంటే ప్రమాదం. లీటరుకి 1 మిల్లీగ్రామే ఎగిరిపోని మడ్డి ఉందనుకున్నా, 100 ఎంఎల్ ఫ్రాక్షన్ ఆరబెడితే 100 మైక్రోగ్రాముల మడ్డి మిగులుతుంది. మీ శాంపిల్‌కి రెట్టింపు! 50 మైక్రోగ్రాములు వచ్చిందని బ్యాలెన్స్ చెబితే అందులో ఎంత మీదో తెలియదు. స్టెబిలైజర్ ఉన్న టీహెచ్ఎఫ్ సాల్వెంట్ వాడితే ఆ స్టెబిలైజర్, బీహెచ్‌టీ, 1.43, 2.27 దగ్గర దర్జాగా కూర్చుంటుంది. 0.07 దగ్గర సిలికాన్ గ్రీజు, 1.26 దగ్గర హైడ్రోకార్బన్ గ్రీజు, 7.5–7.7 మధ్య, 4.2 దగ్గర ప్లాస్టిక్ నుంచి వచ్చే థాలేట్, ఇవన్నీ పాత చుట్టాలే. క్లోరోఫామ్‌ని ప్లాస్టిక్ టిప్‌తో తీస్తే ఒలియమైడ్ దిగి 5.34 దగ్గర కొత్త డబుల్ బాండ్ కనిపెట్టినట్టు అనిపిస్తుంది. గాజు తప్ప ఇంకేదీ ముట్టించవద్దు.

దీనికి నేను చెప్పే మందు బ్లాంక్. శాంపిల్ లేకుండా అదే గ్రేడియెంట్ నడిపి, అదే టైమ్‌లో అంతే వాల్యూమ్ కట్ చేసి, అదే రోటావాప్‌లో ఆరబెట్టి, అదే సాల్వెంట్‌లో స్పెక్ట్రమ్ తీయండి. ఒక రోజు పని. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే అసలు స్పెక్ట్రమ్‌లో సగం పీకులు కొట్టేయొచ్చు.

మిగతా దారులు, త్వరగా

కణజాలం, రెసిన్ పూసల లాంటివైతే హెచ్‌ఆర్-మాస్ (శాంపిల్‌ని వాలుగా వేగంగా తిప్పే ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రమ్ కాదు): 4 ఎంఎం రోటార్‌లో 12 లేదా 50 మైక్రోలీటర్లు, 54.7 డిగ్రీల కోణంలో తిప్పడం. కరిగే పదార్థానికి అక్కర్లేదు. డిసొల్యూషన్ డీఎన్‌పీ (స్పిన్‌లని ముందే ఒక వైపుకి తిప్పి సిగ్నల్ పెంచే పద్ధతి) 2003 నుంచి ఉంది, కార్బన్‌కి పదివేల రెట్లకి పైగా లాభం ఇస్తుంది, కానీ ఆ లాభం సెకన్లలో ఆవిరైపోతుంది. తెలియని నిర్మాణానికి రాత్రంతా 2డీ నడపాల్సిన మనకి అది కుదరదు. వజ్రంలోని నైట్రోజన్-వేకెన్సీ కేంద్రాలతో హార్వర్డ్ బృందం 2018లో పికోలీటర్ల వాల్యూమ్ నుంచి కెమికల్ షిఫ్టులు చదివింది, 2017లో స్విట్జర్లాండ్‌లో ఒకే చిప్ మీద కట్టిన ప్రోబ్‌తో ఒక్క టార్డిగ్రేడ్ (అతిచిన్న జంతువు) గుడ్డు స్పెక్ట్రమ్ తీశారు. చదవడానికి ముచ్చటేస్తుంది, వచ్చే వారం రిపోర్టు ఇవ్వాల్సినవాళ్లకి ఇవి ఎంపికలు కావు.

నిజంగా పోటీకి వచ్చేది మైక్రోఈడీ, అంటే చిన్న స్ఫటికాల మీద ఎలక్ట్రాన్ పుంజం వేసి నిర్మాణం చదివే పద్ధతి. 2018లో రెండు బృందాలు పొడిలోని నానోక్రిస్టల్స్ నుంచే చిన్న అణువుల నిర్మాణాలు తీసి చూపించాయి. మీ శాంపిల్ ఏ కాస్త క్రిస్టలైన్ అయినా, ఆ పరికరం అందుబాటులో ఉన్నా, ఎన్‌ఎంఆర్ కంటే ముందే ప్రయత్నించండి. నూనెలా ఉంటే అది మర్చిపోవచ్చు.

ఎవరు ఏది

అర మిల్లీగ్రాము పైన ఉంటే టెన్షన్ అక్కర్లేదు, క్రయో ఉన్న ఏ 500 అయినా, 3 ఎంఎం ట్యూబ్ చాలు. 100 నుంచి 500 మైక్రోగ్రాములకీ అదే, కాకపోతే హెచ్‌ఎంబీసీకి ఒక రాత్రి పూర్తిగా అడగండి. 10 నుంచి 100 మధ్య 1.7 మైక్రోక్రయో వెతుక్కోండి, దొరక్కపోతే క్రయోలో షిగెమి. 10 కంటే తక్కువైతే మైక్రోక్రయోలో కూడా ప్రోటాన్, కోసీ (పక్కపక్క ప్రోటాన్ల జతలు చూపేది), హెచ్‌ఎస్‌క్యూసీ వరకే ఆశపెట్టుకుని, మిగతాది మదర్ లిక్కర్ నుంచో సింథసిస్ నుంచో తెచ్చుకోవాలి.

హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ, టీఐఎఫ్ఆర్ హైదరాబాద్ లాంటి చోట్ల, బెంగళూరులో ఐఐఎస్‌సీలో ఎన్‌ఎంఆర్ సౌకర్యాలు ఉన్నాయి, ప్రైవేటు ల్యాబులు సరేసరి. ఎక్కడికి పంపినా ఫోన్‌లోనే అడగాల్సినవి కొన్ని: ప్రోబ్ ఏ సైజు, క్రయోనా కాదా, ట్యూబ్ మనమే నింపి పంపొచ్చా, శాంపిల్ తిరిగి ఇస్తారా. ఒక ల్యాబుకి వయల్ పంపితే ఎవరినీ అడక్కుండా 5 ఎంఎం ట్యూబ్‌లో మామూలు సాల్వెంట్ 600 పోసేశారు, రెండు వారాల ప్రెప్ పని అందులో కలిసింది. అప్పటినుంచి ట్యూబ్ నింపి, సీల్ చేసే పంపిస్తున్నాను.

ఎక్స్‌పెరిమెంట్ల వరస కూడా రాసి ఇవ్వండి. ముందు ప్రోటాన్ తీసి, అది బ్లాంక్‌తో పోల్చి సరేననుకున్నాకే హెచ్‌ఎస్‌క్యూసీ, తర్వాత కోసీ, ఆఖర్న హెచ్‌ఎంబీసీ. 2డీలన్నిటికీ 25–50 శాతం ఎన్‌యూఎస్ (డేటా పాయింట్లలో కొన్నే తీసి టైమ్ మిగిల్చే పద్ధతి) పెట్టమనండి, అది లేకపోతే రాత్రి సరిపోదు. శాంపిల్ వెనక్కి రాగానే ఒకసారి ఎల్‌సీ-ఎంఎస్ ఎక్కించి అదే పీక్ ఉందో లేదో చూడండి. ముఖ్యంగా క్లోరోఫామ్‌లో నడిపినప్పుడు, అందులో పుట్టే డీసీఎల్ (డ్యుటీరియం ఉన్న హైడ్రోక్లోరిక్) యాసిడ్ రాత్రికి రాత్రి మీ పదార్థాన్ని ఇంకోటిగా మార్చేసి ఉండొచ్చు, అప్పుడు మొదటి ప్రోటాన్‌కీ పొద్దున వచ్చిన హెచ్‌ఎంబీసీకీ పొంతన కుదరదు.